కషాయానికీ సీసాకీ మధ్య కొలువులు

వేపగింజల కషాయం సంగతి తెలియని రైతు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉండడు. మరి ఆ కషాయంలో పురుగును ఆపే పదార్థం ఎంతుందో కొలిచి చెప్పగలవాళ్లు ఎందరు? కాలేజీ కుర్రాళ్లకు పని దొరికేది ఈ ప్రశ్న దగ్గరే. మొక్కల్లోని సహజ రసాయనాలతో పురుగులనూ, తెగుళ్లనూ అదుపు చేసే రంగంలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, అగ్రికల్చర్, ఫార్మసీ విద్యార్థులందరికీ చోటుంది. అయితే 'సహజం' అన్న మాటను నమ్ముకుని వెళ్తే లాభం లేదు. కొలత నేర్చుకుని వెళ్లాలి.

మన పొలాల్లోనే మొదలు

మీ ఊరి పంటలనే ఒకసారి గుర్తు చేసుకోండి. వేరుశనగలో పొగాకు లద్దెపురుగు, ఆకుముడత, టిక్కా ఆకుమచ్చ, మొదలుకుళ్లు. మామిడిలో తేనెమంచు పురుగు, పండు ఈగ, బూడిద తెగులు. మదనపల్లె వైపు టమాటాలో కాయతొలుచు పురుగుకు తోడు 2014 నుంచి దేశంలో కనిపిస్తున్న టూటా పురుగు. ఇది ఆకుల్లోనూ కాయల్లోనూ సొరంగాలు చేస్తుంది.

వీటిలో చాలావాటికి మొక్కల నుంచి వచ్చే మందు ఏదో ఒక రూపంలో వాడుకలో ఉంది. వేపలో అజాడిరక్టిన్, కానుగలో కరంజిన్, సీతాఫలం గింజల్లో ఎసిటోజెనిన్లు ఉంటాయి. తులసి ఆకుల్లో మిథైల్ యూజినాల్ ఉంటుంది. మామిడి తోటల్లో కట్టే పండు ఈగ బుట్టల్లో మగ ఈగలను లాగేది ఈ పదార్థమే. అది పురుగును చంపదు, దగ్గరికి రప్పిస్తుంది. బుట్టలో దానికి తోడుగా పెట్టిన మందు చంపుతుంది. అంటే మొక్కల రసాయనం అనగానే విషం అనుకోనక్కర్లేదు. కొన్ని ఆకర్షిస్తాయి, కొన్ని తినకుండా చేస్తాయి, కొన్ని ఎదుగుదలను ఆపేస్తాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటివి సూక్ష్మజీవుల నుంచి తయారయ్యే మందులు. మనం మాట్లాడుకునేవి మొక్కల నుంచి తీసినవి. రెండింటినీ 'బయో' అనే అంటారు. ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిపేసి చెబితే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు.

వేప ఏం చేస్తుంది?

1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేపగింజల పొడి కలిపిన నీళ్లను పంటలపై చల్లి చూశారు. మిడతల దండు వచ్చినా ఆ మొక్కల జోలికి పోలేదు. దీని వెనుక ప్రధానంగా ఉన్న అజాడిరక్టిన్‌ను 1968లో బ్రిటన్‌లో వేరుచేశారు. దాని అణు నిర్మాణం తేలడానికి 1980లు రావాల్సి వచ్చింది. ప్రయోగశాలలో పూర్తిగా తయారుచేయడానికైతే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది. ఆ ఫలితం 2007లో వెలువడింది.

ఈ చరిత్రలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. అంత కష్టమైన అణువును ఫ్యాక్టరీలో కృత్రిమంగా చేయడం గిట్టుబాటు కాదు. అందుకే కంపెనీలు ఇప్పటికీ వేపగింజ మీదే ఆధారపడుతున్నాయి. గింజ ఏ ఊరిది, ఎప్పుడు ఏరారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి సరుకు నాణ్యత మారిపోతుంది. ఆ నాణ్యతను చూసే మనిషి ప్రతి దశలోనూ కావాలి.

అజాడిరక్టిన్ పురుగుకు ఆకుపై విరక్తి కలిగిస్తుంది. తిన్న పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. అందువల్ల పురుగు రెండు మూడు రోజుల్లో మందగించి, ఎదగలేక చనిపోతుంది. చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది, ముదిరిన పురుగుల మీద అంతగా పనిచేయదు. పైగా ఎండకు త్వరగా విరిగిపోతుంది. సాయంత్రం పూట చల్లమనేది అందుకే.

తేడా వచ్చేది ఇక్కడే

సాయంత్రం చల్లి, తెల్లారేసరికి పురుగులు రాలిపోవాలని చూసే రైతుకు వేప మందు నచ్చదు. 'ఏం పని చేయలేదు' అంటాడు. ఆ అసంతృప్తిని సొమ్ము చేసుకునేవాళ్లు బజారులో ఉన్నారు. బయో మందు అని లేబుల్ వేసి, లోపల గుట్టుగా రసాయన పురుగుమందు కలిపి అమ్ముతారు. పురుగు వెంటనే రాలుతుంది, రైతు సంతోషిస్తాడు. నష్టం తర్వాత బయటపడుతుంది.

మన ప్రాంతంలో ఆ నష్టం ఎలా ఉంటుందో చూడండి. చిత్తూరు తోతాపురి గుజ్జు విదేశాలకు వెళ్తుంది. ఐరోపా సమాఖ్యలో ఒక పురుగుమందుకు ప్రత్యేక పరిమితి లేకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాము మించి ఉండకూడదన్నది సాధారణ నిబంధన. 'నేను వేప మందే కొట్టాను' అని రైతు నిజాయతీగా చెబుతాడు. పరీక్షలో మాత్రం తాను పేరు కూడా వినని రసాయనం బయటపడుతుంది. సరుకు వెనక్కి వస్తే ఎవరిని అడగాలి? సీసాలో ఏముందో ముందే పరీక్షించిన మనిషి ఉండి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

రెండో పొరపాటు, సహజమైంది కాబట్టి ఏ హానీ చేయదనుకోవడం. పొగాకులోని నికోటిన్ మొక్క నుంచి వచ్చిందే. నికోటిన్ సల్ఫేట్‌ను మన దేశంలో పంటలపై వాడటానికి వీల్లేదు, ఎగుమతి కోసం మాత్రమే తయారుచేయనిస్తారు. ప్రకృతి సేద్యంలో చేసే అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తారు కాబట్టి, దాన్ని కలిపేటప్పుడూ చల్లేటప్పుడూ చేతికి తొడుగు, ముఖానికి మాస్కు తప్పనిసరి. పలమనేరు, కుప్పం వైపు పట్టు రైతుల సంగతి ఇంకా సున్నితం. పట్టుపురుగు కూడా కుబుసం విడిచి ఎదిగే పురుగే. లద్దెపురుగును ఆపే అజాడిరక్టిన్‌కు పట్టుపురుగు మనదన్న సంగతి తెలియదు. వేప మందు చల్లిన మల్బరీ ఆకును గడువు పూర్తికాకుండా మేపితే పంట పోతుంది. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి పడినా ప్రమాదమే. ఈ మాట రైతుకు చెప్పగలిగిన ఫీల్డ్ ఆఫీసరుకూ, సీసా అమ్మేసి వెళ్లిపోయే ఫీల్డ్ ఆఫీసరుకూ చాలా తేడా ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

మీ పొలానికి మీరు వేపగింజలు దంచి కషాయం చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే సరుకును సీసాలో పోసి పురుగుమందుగా అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం వర్తిస్తుంది. ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర నమోదు కావాలి. మందులో ఏముంది, ఎంతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, పురుగుపై ఎంత పనిచేస్తుంది, మనుషులకూ పశువులకూ చేపలకూ తేనెటీగలకూ ఏమవుతుంది, ఏ డబ్బాలో ప్యాక్ చేస్తారు... వీటన్నింటికీ పరీక్షల లెక్కలు చూపాలి. ఆ లెక్కల్లో ప్రతిదాని వెనకా ఒక ఉద్యోగం ఉంది.

దుకాణంలో వేప మందు సీసాలు 300, 1500, 3000, 10,000 పీపీఎం అని రకరకాలుగా కనిపిస్తాయి. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని. 1500 పీపీఎం అంటే 0.15 శాతం. 10,000 పీపీఎం అంటే 1 శాతం. లీటరు నీటికి 1500 పీపీఎం మందు 5 మిల్లీలీటర్లు కలిపితే, ఆ నీటిలో అజాడిరక్టిన్ సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఈ లెక్క నోటితో చెప్పగలిగితే మీరు లేబుల్ చదవగలరని అర్థం. రెండు సీసాల ధరలు పోల్చేటప్పుడు కూడా లీటరు ధర చూడకుండా గ్రాము అజాడిరక్టిన్ ఎంతకు పడుతోందో చూడటం అలవాటు చేసుకోండి.

రాసిపెట్టినవాళ్లదే గెలుపు

తెగుళ్ల మందుగా వేపనూనె వాడే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీ కలిసి 1994లో ఐరోపా పేటెంటు పొందాయి. వందనా శివ తదితరులు దాన్ని సవాలు చేశారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది. దానిపై వెళ్లిన అప్పీలును 2005 మార్చిలో కొట్టేశారు. దరఖాస్తుకు ముందే భారత్‌లో పొలాల్లో ఇలాంటి ప్రయోగాలు జరిగాయన్న సాక్ష్యం విచారణలో బలంగా పనిచేసింది.

ఇందులో దేశాభిమానం సంగతి అందరూ చెబుతారు. విద్యార్థిగా మీరు తీసుకోవాల్సింది ఇంకొకటుంది. 'మా తాతల కాలం నుంచీ ఇదే చేస్తున్నాం' అనే మాట కన్నా, తేదీ వేసి రాసిపెట్టిన ప్రయోగం వివరాలు బలమైనవి. ల్యాబ్ నోటుబుక్‌లో తేదీ, మోతాదు, ఫలితం సరిగ్గా రాసే అలవాటు కూడా ఉద్యోగ అర్హతే.

ఎవరికి ఏ కొలువు?

కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవాళ్లకు: నాణ్యత విభాగం. హెచ్‌పీఎల్‌సీ యంత్రంపై అజాడిరక్టిన్ శాతం కొలవడం, వేరే రసాయనం కలిసిందేమో చూడటం, నిల్వలో ఎంత తగ్గిందో లెక్కగట్టడం ఇక్కడి పని. ఆ తర్వాత మెట్టు ఫార్ములేషన్. నూనెను నీటిలో విడిపోకుండా కలిసేలా చేయడం, ఎండకు త్వరగా విరగకుండా చూడటం రసాయన శాస్త్రంలో ఇప్పటికీ పూర్తిగా తేలని చిక్కులు. చామంతి జాతి పూలలోని పైరెత్రిన్లు వెలుతురుకు నిలవవు. వాటి నమూనాను చూసే బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఇలియట్ బృందం 1970లలో వెలుతురుకు తట్టుకునే పెర్మెత్రిన్‌ను తయారుచేసింది. నేటి పైరెత్రాయిడ్ మందుల్లో చాలావాటికి మూలం ఒక పువ్వే.

బోటనీ వాళ్లకు: ముడిసరుకు గుర్తింపు, సేకరణ, నాణ్యత. ఒకే పేరుతో రెండు మూడు మొక్కలను పిలిచే ఊళ్లు మనవి. శాస్త్రీయ నామంతో గుర్తించి హెర్బేరియం నమూనా దాచగలిగినవాళ్ల మాటే పరిశోధన పత్రాల్లో చెల్లుతుంది. మాధవచెట్టి, శివాజీ, తులసీరావు రాసి 2008లో తిరుపతిలో ప్రచురించిన చిత్తూరు జిల్లా పూల మొక్కల గ్రంథం ఇప్పటికీ ఈ పనికి చేతి పుస్తకమే. మీ కాలేజీ లైబ్రరీలో ఉందేమో అడగండి.

జువాలజీ, ఎంటమాలజీ, ప్లాంట్ పాథాలజీ వాళ్లకు: సామర్థ్య పరీక్షలు. మందు నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది పొలంలో మడులు వేసి, మందు కొట్టనివి కూడా పక్కనే ఉంచి, వేర్వేరు చోట్ల, వేర్వేరు సీజన్లలో తేల్చే పని. ఎండలో నిలబడి పురుగులు లెక్కపెట్టాలి. ఇష్టం లేనివాళ్లకు నరకం, ఇష్టమైనవాళ్లకు ఇంతకన్నా మంచి పని లేదు.

రాయడం, చట్టాలు చదవడం ఇష్టమైనవాళ్లకు: రిజిస్ట్రేషన్ విభాగం. పరీక్షల ఫలితాలను దస్త్రంగా కూర్చి, బోర్డు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవ్వాలి. సైన్సూ తెలిసి, ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయగలిగినవాళ్లు తక్కువ. అందుకే వీళ్లకు గిరాకీ ఉంటుంది.

సొంతంగా నిలబడాలనుకునేవాళ్లకు: పురుగుమందుల దుకాణం. ప్రస్తుత నిబంధనల ప్రకారం లైసెన్సుకు అగ్రికల్చర్, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీల్లో ఒకటున్న బీఎస్సీ గానీ పనికొస్తుంది. అంటే మీ డిగ్రీకి ఊళ్లోనే ఒక వాడకం ఉంది. దుకాణం పెట్టినా పైన చెప్పిన కల్తీ సంగతి మరవొద్దు. లేబుల్‌పై రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషతీవ్రతను చెప్పే రంగు గుర్తు లేని సీసాను షెల్ఫులో పెట్టకండి.

పల్లెల్లో పనిచేయాలనుకునేవాళ్లకు: రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుపుతోంది. అందులో వ్యవసాయ పట్టభద్రులు ఊళ్లలో రైతులతో కలిసి పనిచేస్తారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్ రూ.2481 కోట్ల కేటాయింపుతో 10 వేల జీవ ఉత్పాదకాల కేంద్రాలను లక్ష్యంగా పెట్టుకుంది. కషాయాలు తయారుచేసి రైతులకు అందించే ఈ కేంద్రాల్లో కొలత తెలిసిన మనిషి ఉంటే ఒక విడత కషాయానికీ ఇంకో విడతకూ తేడా రాదు.

ప్రైవేటు కంపెనీల విషయానికొస్తే మనకు దగ్గర్లోనే ఉన్నాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కోరమాండల్ ఇంటర్నేషనల్‌కు తమిళనాడులో కడలూరు దగ్గర త్యాగవల్లిలో వేపసారం తీసే కర్మాగారం ఉంది. బెంగళూరులో పి.జె.మార్గో ఏళ్లుగా వేప మందులు తయారుచేస్తోంది. తిరుపతి నుంచి చెన్నై, బెంగళూరు రెండూ చేరువే కాబట్టి ఇంటర్న్‌షిప్ కోసం అక్కడా ప్రయత్నించండి.

ఎక్కడ చదవాలి?

బైపీసీ పూర్తిచేసినవాళ్లు ఈఏపీసెట్ ద్వారా అగ్రికల్చర్ బీఎస్సీలో చేరొచ్చు. తిరుపతిలోని ఎస్వీ వ్యవసాయ కళాశాల 1961 నుంచి ఉంది. పక్కనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వేరుశనగ రకాలకు పేరున్నది. డిగ్రీ చేసినవాళ్లకు ఎస్వీ యూనివర్సిటీ, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీలు ఉన్నాయి. కెమిస్ట్రీ, బయాలజీలో లోతుకు వెళ్లాలనుకుంటే 2015లో మొదలైన ఐసర్ తిరుపతి, ఐఐటీ తిరుపతి ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ రంగంలో శిక్షణలు ఇస్తుంది. ఐఐసీటీలో కీటకాలను ఆకర్షించే రసాయనాలపై పరిశోధన సాగుతోంది. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు సీఎస్ఐఆర్ నెట్ లేదా వ్యవసాయ శాస్త్రాల నెట్‌ను లక్ష్యంగా పెట్టుకోవాలి.

ఫైనలియర్‌లోనే చేయదగ్గ ప్రాజెక్టు

ఉద్యోగం వచ్చాక నేర్చుకుందాం అనుకోవద్దు. మీ కాలేజీ ల్యాబులోనే చేయదగ్గ పని ఒకటుంది. మొదలుకుళ్లు వచ్చిన వేరుశనగ మొక్క నుంచి నల్లబూజు శిలీంద్రాన్ని, అంటే ఆస్పర్జిల్లస్ నైజర్‌ను, మీ అధ్యాపకుల సాయంతో వేరుచేయండి. పెట్రి పళ్లెంలో పోసే అగర్‌లో వేప, కానుగ, వావిలి సారాలను వేర్వేరు మోతాదుల్లో కలిపి, మధ్యలో శిలీంద్రం ముక్క పెట్టండి. కొన్ని పళ్లేల్లో ఏమీ కలపొద్దు. కొన్నింటిలో సారం తీయడానికి వాడిన ద్రావణి మాత్రమే కలపండి. ఇంకొన్నింటిలో బజారులో దొరికే తెగులు మందు కలపండి. ప్రతిదీ కనీసం మూడు పళ్లేలు ఉండాలి.

ఏమీ కలపని పళ్లెంలో బూజు 80 మిల్లీమీటర్లు పెరిగి, సారం కలిపినదాంట్లో 20 మిల్లీమీటర్లే పెరిగితే నిరోధం 75 శాతం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 'మా ఆకు తెగులును 75 శాతం తగ్గించింది' అని రిపోర్టులో రాసేస్తారు. తగ్గింది పళ్లెంలో బూజు, పొలంలో తెగులు కాదు. పొలంలో ఎండ, వాన, మట్టి అన్నీ ఉంటాయి. 'పళ్లెంలో ఇంత తగ్గింది, కుండీల్లో ఇంకా చూడాలి' అని రాయండి. ఇంటర్వ్యూ చేసే శాస్త్రవేత్త ఆ ఒక్క వాక్యంతో మీ మీద నమ్మకం పెంచుకుంటారు.

ఒక జాగ్రత్త. శేషాచలం కొండలు 2010 నుంచి జీవావరణ రిజర్వు. ప్రాజెక్టు కోసమని అనుమతి లేకుండా అక్కడ ఆకులు, బెరడు కోయకండి. వాణిజ్య అవసరాలకు స్థానిక జీవ వనరులు తీసుకోవాలంటే 2002 నాటి జీవ వైవిధ్య చట్టమూ ఉంది. ఊళ్లో రోడ్డు పక్కన ఉన్న వేప, కానుగ, జిల్లేడుతోనే ఎంతో పని ఉంది.

ఇంటర్వ్యూకు ముందు

ఈ ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాసుకుని చూడండి. 1500 పీపీఎం అంటే ఎంత శాతం? వేప మందు సాయంత్రమే ఎందుకు చల్లాలి? వేపనూనెకూ వేపగింజల సారానికీ తేడా ఏమిటి? 'బయో' సీసాలో రసాయనం కలిసిందని ఎలా తేలుస్తారు? పట్టు రైతుకు ఏం జాగ్రత్త చెబుతారు? రైతు 'మీ మందు పనిచేయలేదు' అంటే మీరు మొదట ఏం అడుగుతారు? చివరి ప్రశ్నకు మంచి జవాబు: పురుగు ఏ వయసులో ఉన్నప్పుడు కొట్టారు, ఏ వేళప్పుడు కొట్టారు, సీసా ఎక్కడ దాచారు.

ఇంకో మాట. వారం రోజుల ట్రైనింగ్‌కే సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అంటూ డబ్బు కట్టమనేవాళ్లు ఈ రంగంలోనూ ఉంటారు. కోర్సు ఏ ప్రభుత్వ సంస్థదో, ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

జూన్, జులై నెలల్లో వేపపండ్లు రాలతాయి. ఈసారి ఒక బుట్టెడు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టండి. 5 కిలోల పప్పు దంచి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి, 100 లీటర్లు చేస్తే అదే 5 శాతం కషాయం. మీ ఇంటి పొలంలో రెండు సాళ్లు కొట్టండి, రెండు వదిలేయండి. రోజూ పురుగులు లెక్కపెట్టి తేదీతో సహా రాయండి. రేపు ఇంటర్వ్యూలో 'ఏం చేశారు?' అని అడిగితే చూపించడానికి ఆ నోటుబుక్ చేతిలో ఉంటుంది.